అటు గుండీ, ఇటు కాజా

లిఫ్టులు బాగుచేసే మనిషి జీవితంలో మొదటిసారి తనే ఇరుక్కున్నాడు. అదీ లిఫ్టులో కాదు, ఒక గుడ్డలో.

గుడ్డ గజం పొడుగు, జానెడు వెడల్పు. పైకి కనపడేది బూడిదరంగు మీద నీలం గళ్లది, మెడకి తగిలేది మెత్తటి ఫ్లానెల్. రెండిటి మంచి వైపులూ ఎదురెదురుగా పెట్టి చుట్టూ కుట్టి, లోపలిది బయటికి లాగి తిరగేస్తే స్కార్ఫు. దాని ఒక కొసకి రెండు గుండీలు, రెండో కొసకి ఆ గుండీలు దూరడానికి రెండు కాజాలు. మెడకి చుట్టుకుని గుండీలు పెట్టేసుకుంటే ముడి వేసే బాధ లేదు. కుట్టు కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా తేలికైన పని ఉండదని క్లాసులో పంచిన కాగితం మీద రాసి ఉంది. ఆ కాగితం రాసినవాళ్లు ఇతన్ని చూడలేదు.

చుట్టూ కుట్టమన్నారు, చుట్టూ కుట్టాడు. నాలుగు అంచులూ కుట్టాడు. అంచులు కుట్టడం వచ్చింది గానీ అంచనా వేయడం రాలేదు. తిరగేద్దామని చూస్తే లోపలికి చిటికెన వేలు దూరే సందు కూడా లేదు.

"టీచర్‌గారూ, ఇది తిరగడం లేదండి."

టీచరు వచ్చి గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసింది. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, ముఖంలో ఇలాంటివి చాలా చూసిన నిదానం.

"సందేది?" అంది.

"ఏ సందండి?"

"ఒక పక్క బెత్తెడు వదిలేసి కుట్టమన్నాను కదా. ఆ సందులోంచే గుడ్డంతా బయటికి రావాలి."

"మీరు చుట్టూ కుట్టమన్నారు."

"చుట్టూ అన్నాక, వదిలేసి అని కూడా అన్నాను."

"అప్పుడు నేను సూదిలోకి దారం ఎక్కిస్తున్నానండి. దారం మీద ఉంటే దారి మీద ధ్యాస లేదు."

"మీరేం పని చేస్తుంటారు?"

"లిఫ్టు మెకానిక్‌ని."

"లిఫ్టుకి నాలుగు పక్కలా గోడలు కట్టేస్తారా?"

"లేదండి, తలుపుంటుంది."

"ఎందుకు?"

"మనుషులు దిగాలిగా."

"గుడ్డ కూడా దిగాలండి," అని టీచరు కుట్లు విప్పే చిన్న కొక్కెం అతని చేతిలో పెట్టి, తర్వాతి మెషీను దగ్గరికి వెళ్లిపోయింది.

క్లాసంతా నవ్వింది. గ్రంథాలయం పై అంతస్తులో ఆదివారం పొద్దున్న జరిగే ఆ క్లాసులో పదకొండు మంది స్త్రీలు, ఒక ఇస్త్రీ పెట్టె, ఒకే ఒక్క పురుషుడు. నవ్వు దాచుకోవడానికి చోటు లేని కొలత అది. పక్క మెషీను మీద కూర్చున్న పిన్నిగారు, అంటే క్లాసులో అందరూ పిన్నిగారని పిలిచే పెద్దావిడ, ముందుకి వంగి అడిగింది.

"ఇంతకీ ఎవరికి బాబూ ఈ స్కార్ఫు?"

"ఒకావిడకండి."

"ఒకావిడంటే? అయిన ఆవిడా, కాబోయే ఆవిడా?"

అతను సమాధానం చెప్పకుండా కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. చెప్పకపోతే ఊహ పెరుగుతుందని అతనికి తెలియదు. లిఫ్టులకి ఊహలుండవు.

ఆ 'ఒకావిడ' అతని తల్లి.

తల్లి బస్టాండులో టికెట్ల కౌంటరు గుమాస్తా. ఇరవై ఆరేళ్లుగా అదే కౌంటరు, అదే కుర్చీ. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట మాత్రం పడిపోలేదు. అదీ పడిపోయి ఉంటే నీకు కాస్త సుఖంగా ఉండేదిరా అని ఆవిడే కొడుకుతో అంటుంది. ఆఫీసువాళ్లు మంచివాళ్లు. ఎడమ చేత్తో కొట్టుకునేలా టికెట్ మెషీను మార్పించి, నెలాఖరు సోమవారం వచ్చి చేరమన్నారు. ఆ రోజు చేరకపోతే కౌంటరు ఇంకొకరికి ఇచ్చేస్తామని కూడా మంచిగానే చెప్పారు.

అసలు చిక్కు మెడ దగ్గర వచ్చింది. ఆ కౌంటరు అద్దం కింది సందులోంచి చలిగాలి సూటిగా మెడకి కొడుతుంది. మెడకి గుడ్డ లేకుండా ఈ కాలంలో అక్కడ పూట గడవదు. ఒక చేత్తో ముడి పడదు.

"నేను కట్టి పంపిస్తాలే అమ్మా," అన్నాడు అతను.

"పొద్దున్న నువ్వు కడతావు. మధ్యాహ్నం ఊడితే పక్క కౌంటరు పిల్ల కడుతుంది. సాయంత్రం ఎవరు కడతారు, బస్సు డ్రైవరా? నాది నేను పెట్టుకోగలిగితే డ్యూటీకి వెళ్తాను. లేకపోతే వెళ్లను. ఇంకో మాట. నా చెయ్యి సంగతి బయట ఎవరి దగ్గరైనా ఎత్తావా, నీతో మాట్లాడను."

అన్న మాట నిలబెట్టుకునే మనిషి ఆవిడ. అదే భయం.

తల మీంచి దూర్చుకునే స్కార్ఫు తెస్తే సగంలో ఆగి ముక్కు మూసింది. జిప్పుది తెస్తే ఒక చేత్తో దాని మొదలే కలవలేదు. టిచ్ బటన్లది తెస్తే, బటన్ నొక్కడం అంటే తన గొంతు తను నొక్కుకోవడమే అయింది. పెద్ద గుండీలుంటే ఎడమ చేత్తో ప్రయత్నిస్తానంది తల్లి. పెద్ద గుండీల స్కార్ఫు ఏ షాపులోనూ లేదు. దర్జీ దగ్గరికి వెళ్తే కొలతలు తీసుకుని ఊరుకోడు, కలతలు కూడా అడుగుతాడు. అందుకని అతనే కుట్టు నేర్చుకోవడానికి వచ్చాడు.

క్లాసుకి వచ్చేముందు ఒక పని చేశాడు. గదిలో తలుపు వేసుకుని, తన కుడి చేతిని బెల్టుతో నడుముకి కట్టేసుకుని, తువ్వాలుకి రెండు కొసలా గుండీలూ కాజాలూ ఉన్న పాత చొక్కా ముక్కలు పిన్నులతో గుచ్చి, ఎడమ చేత్తో ఇరవై సార్లు పెట్టి తీసి చూశాడు. తేలిందేమిటంటే, గుండీలు కుడి పక్కన ఒదిగి ఉండి, కాజాల కొస ఎడమ చేతిలో ఉంటే పని అవుతుంది. తారుమారైతే కాదు. ఆ సంగతి మనసులో రాసిపెట్టుకున్నాడు. కాగితం మీద కూడా రాసుకుంటే ఈ కథ ఇంత పొడుగయ్యేది కాదు.

రెండో ఆదివారం వాన పడింది. క్లాసయ్యాక గొడుగులున్నవాళ్లు వెళ్లిపోయారు. గొడుగు లేని ఇద్దరూ, అతనూ టీచరూ, మిగిలారు.

"ఊరికే కూర్చోవడమెందుకు, గుండీ కుట్టడం చూపిస్తాను రండి," అంది టీచరు. గుడ్డ పీలిక మీద గుండీ పెట్టి, దాని కింద ఒక అగ్గిపుల్ల దూర్చింది. "ఈ పుల్ల మీంచి దారం తిప్పి కుట్టండి. అయ్యాక పుల్ల లాగేస్తే ఆ మేరకి దారం వదులుగా ఉంటుంది. గుండీకి ఊపిరాడుతుంది."

"గుండీకి ఊపిరెందుకండి?"

"బిగించి కుడితే కాజాలో దూరాక గుడ్డ ముడతలు పడుతుంది. ఏదైనా మరీ బిగిస్తే అంతే."

అతను కుట్టాడు. దారం కొరకబోతే కత్తెర అందించింది. వాన కిటికీ మీద ఎడాపెడా కుట్లు వేస్తోంది, ఒక్కటీ తిన్నగా లేదు. అతని కుట్టు కూడా అలాగే ఉంది. టీచరు చూసి కూడా ఏమీ అనలేదు. అనకపోవడం అతనికి నచ్చింది.

"ఆవిడ పట్టింపు మనిషా?" అంది టీచరు, బయటికి చూస్తూ.

"ఎవరండి?"

"స్కార్ఫు ఆవిడ."

"బాగా. నచ్చకపోతే తీసి పక్కన పడేస్తుంది. నచ్చితే మాత్రం..." అతను సూది ఆపాడు. "ఒక్కసారి నవ్వితే చాలండి. ఇంకేం వద్దు."

"అదృష్టవంతురాలు," అంది టీచరు. గుండీల డబ్బా మూత కొంచెం గట్టిగా పెట్టింది.

వాన తగ్గింది. అతనికి ఎందుకో ఇంకాసేపు పడితే బాగుండుననిపించింది. మూడో ఆదివారం క్లాసుకి అరగంట ముందే వచ్చాడు. టీచరు అంతకు ముందే వచ్చి ఉంది, కానీ ఆ రోజంతా అతనితో గుడ్డ గురించి తప్ప మాట్లాడలేదు.

నాలుగోదే ఆఖరి ఆదివారం. మర్నాడే తల్లి డ్యూటీలో చేరాల్సిన సోమవారం.

కాజాలు కొత్తవాళ్లు చేత్తో కుడితే పీచు లేస్తుందని, ఎవరి గుడ్డ మీద వాళ్లు సుద్దతో గుర్తులు పెట్టి ఇస్తే టీచరే మెషీను మీద కుట్టి, మధ్యలో కోసి ఇస్తోంది. అతను ఇరవై సార్లు చేసి చూసిన లెక్కన ఎడమ కొసకి గుర్తులు పెట్టి వరసలో పెట్టాడు. అంతలో కింది నుంచి గ్రంథాలయం ఆవిడ పరుగున వచ్చింది. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిందిట, లోపల ఇద్దరు పాఠకులున్నారుట.

అతను వెళ్లి వాళ్లని దింపి, చేతుల గ్రీజు కడుక్కుని వచ్చేసరికి అరగంట పట్టింది. స్కార్ఫు అతని మెషీను మీద మడత పెట్టి ఉంది. రెండు కాజాలూ ముత్యాల్లా ఉన్నాయి. కుడి కొసకి ఉన్నాయి.

అతను స్కార్ఫు పట్టుకుని టీచరు దగ్గరికి వెళ్లాడు.

"ఇవి ఇటెందుకు వేశారు?"

"మీరు మగవాళ్ల చొక్కాకి పెట్టినట్టు పెట్టారు గుర్తులు," అంది టీచరు. "ఆడవాళ్ల బట్టకి కాజాలు కుడివైపు ఉంటాయి, గుండీలు ఎడమవైపు. మీ గుర్తులు చెరిపేసి సరిచేశాను."

"విప్పేయండి."

"కుట్టయితే విప్పుతాను. కోసిన గుడ్డని ఎలా విప్పను?"

"అసలు మిమ్మల్ని సరిచేయమని ఎవరన్నారండి?"

మెషీన్లన్నీ ఒక్కొక్కటే ఆగాయి. పిన్నిగారు దారపు ఉండ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"అంత కోపం దేనికి? అటే ఎందుకు కావాలో చెప్పండి," అంది టీచరు.

చెప్పడానికి నోరు తెరిచాడు. తల్లి పెట్టిన షరతు గుర్తొచ్చి మూసేశాడు. "చెప్పలేను."

"ఆవిడకంత పట్టింపుంటే ఆవిడనే వచ్చి కుట్టుకోమనండి."

"ఆవిడ కుట్టుకోగలిగితే నేను ఇక్కడికెందుకు వస్తాను," అన్నాడు. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది మాట. స్కార్ఫు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. లిఫ్టు బాగుచేసిన మనిషికి లిఫ్టెక్కాలని కూడా తోచలేదు.

ఇంటికి వచ్చి బల్ల మీద స్కార్ఫు పరిచి, రెండు గంటలసేపు దాని ఎదురుగా కూర్చున్నాడు. తల్లి కిటికీ పక్క కుర్చీలో ఉంది, కుడి చేతి మీంచి శాలువా కప్పుకుని.

"అయిందా?"

"గుండీలు కుట్టాలమ్మా."

"కుట్టు మరి."

జేబులు తడిమాడు. గుండీలు క్లాసులోనే ఉండిపోయాయి. అప్పుడే తలుపు చప్పుడైంది.

గుమ్మంలో టీచరు. చేతిలో చిన్న డబ్బా. "గుండీలు మర్చిపోయారు," అంది. "రిజిస్టరులో అడ్రసుంది."

"ఎవర్రా?" అంది తల్లి.

"కుట్టు టీచరమ్మా."

"గుమ్మంలోనే పాఠం చెప్పించుకుంటావా? లోపలికి రమ్మను."

టీచరు లోపలికి వచ్చి గది నలుమూలలా చూసింది. "ఆవిడ లేరా?"

"ఏ ఆవిడ?"

"స్కార్ఫు ఎవరికైతే కుడుతున్నారో ఆవిడ."

"నేనేనమ్మా," అంది తల్లి. "ఇంకెవరున్నారనుకున్నావు?"

ఆ వాన రోజు నుంచీ టీచరు ముఖంలో ఎక్కడో బిగిసి ఉన్న కుట్టొకటి వదులైంది. అది అతను చూశాడు. ఎందుకు వదులైందో అర్థం కావడానికి మాత్రం మర్నాటి దాకా పట్టింది.

"అమ్మగారూ," అంది టీచరు, "మీ అబ్బాయి పెట్టిన గుర్తులు చెరిపేసి నేను ఇంకో వైపు కాజాలు కోశాను. ఇచ్చినప్పుడు ఆవిడెవరో నవ్వుతారని, ఈయన చిన్నబోతారని, మంచికే అనుకుని చేశాను. ఈయన నా మీద అరిచి వచ్చేశారు. తప్పు నాదైతే దిద్దుతాను. కానీ తప్పేమిటో నాకు తెలియాలిగా."

తల్లి కొడుకు వైపు తిరిగింది. "చెప్పలేదా?"

"చెప్పొద్దని నువ్వేగా అన్నావు."

"చెప్పొద్దన్నాను. అరవమన్నానా?"

తల్లి ఎడమ చేత్తో శాలువా పక్కకి తీసింది. కుడి చెయ్యి ఒళ్లో పెట్టిన వస్తువులా ఉంది.

"ఇదీ సంగతి. రేపు డ్యూటీలో చేరాలి. ఇంకొకళ్లు నా మెడకి గుడ్డ కడితే నేను వెళ్లను. ఎడమ చేత్తో నేనే పెట్టుకోవాలి."

టీచరు అయ్యో అనలేదు. జాలిగా చూడలేదు. కుర్చీ దగ్గరికి జరిగి, కొలత అడిగినట్టు అడిగింది. "ఎడమ చేత్తో కొస పట్టుకుని కుడివైపుకి తెచ్చుకుంటారా?"

"ఔను."

"అయితే ఆయన పెట్టిందే సరి. నాదే తప్పు." బల్ల దగ్గరికి వచ్చి టేపు తీసింది. "రెండు కొసలూ కోసేసి కొత్తవి అతుకుదాం."

"పొట్టైపోతుందండి," అన్నాడు అతను.

"మధ్యలో ముక్క వేద్దాం."

"గళ్లు కలవవు."

"గళ్లు నేను కలుపుతాను."

"అటు కోయాల్సింది ఇటు కోశారు, ఇక కలపడమొకటా."

"గుర్తులెందుకలా పెట్టారో ఒక్క ముక్క చెప్పి ఉంటే కోసేదాన్నా?"

"ఆ ఒక్క ముక్కే చెప్పకూడదు కదండి మరి."

వాళ్లిద్దరూ ముక్కల గురించి ముక్కుల మీద కోపంతో మాట్లాడుకుంటుంటే, తల్లి కుర్చీలోంచి వంగి బల్ల మీది స్కార్ఫు ఎడమ చేత్తో ఒళ్లోకి లాక్కుంది.

"టీచరమ్మా, ఈ గుడ్డకి తలేది, తోకేది?"

"గళ్ల గుడ్డకి తలా తోకా ఏముంటాయండి?"

"నేనూ అదే అడుగుతున్నాను. దీన్ని ఇలా తలకిందులు చేస్తే?"

గడియారం ముల్లు తిప్పినట్టు గుడ్డని సగం చుట్టు తిప్పింది. పై అంచు కిందికి వచ్చింది. గళ్లవైపు గళ్లవైపులాగే పైకి ఉంది. కుడి కొసనున్న కాజాలు మాత్రం ఎడమ కొసకి వచ్చి కూర్చున్నాయి.

ఇద్దరూ గుడ్డ మీదికి వంగి చూశారు.

"చొక్కాకి పైన మెడుంటుంది, కింద అంచుంటుంది. తిప్పితే కుదరదు," అంది తల్లి. "గజం గుడ్డకి ఏ వైపయితే ఏమిటి? పొద్దున్న నుంచీ దీనికేనా పోట్లాడుకుంటున్నారు?"

"ఎనిమిదేళ్లుగా చొక్కాలే కుడుతున్నానండి," అంది టీచరు మెల్లగా. "కుడీ ఎడమా తప్ప వేరే ఉంటుందని తోచలేదు."

"మరి నువ్వు? పైకీ కిందికీ తిప్పడమే కదరా నీ ఉద్యోగం?"

అతను జవాబుకి బదులు సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టాడు.

గుండీలు అతనే కుట్టాడు. పుల్ల దూర్చి, దారం తిప్పి, పుల్ల లాగి. టీచరు పక్కన నిలబడి ఒక్కసారి కూడా సరిచేయలేదు. నాలుక చివరి దాకా వచ్చిన మాటలు మింగుతోందని ముఖం చూస్తే తెలుస్తోంది.

తల్లి స్కార్ఫుని మెడ వెనక్కి వేసుకుంది. గుండీల కొసని గడ్డంతో అదిమిపెట్టి, ఎడమ చేత్తో రెండో కొస తెచ్చింది. కాజా గుండీని తాకింది, జారింది. మళ్లీ తెచ్చింది. మళ్లీ జారింది. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది.

అతని చెయ్యి ముందుకి వెళ్లబోయింది. వెళ్లలేదు. టీచరు ఆ మణికట్టు పట్టుకుంది. వద్దన్నట్టు తల కూడా ఊపలేదు, ఊరికే పట్టుకుంది.

మూడోసారి బొటనవేలితో గుండీని పక్కకి వంచి తోసింది తల్లి. దూరింది. రెండో గుండీ ఒక్క ప్రయత్నంలో దూరింది. ఆవిడ కిటికీ అద్దంలో తనని తను చూసుకుంది. అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది. నవ్వింది.

ఇంట్లో ఆ నవ్వు వినపడి నాలుగు నెలలైంది.

"రేపు ఎనిమిదింటికి డ్యూటీ," అంది. తర్వాత అద్దంలోనే వాళ్లిద్దర్నీ చూసి, "నా పని అయిపోయిందమ్మా టీచరూ. వాడి చెయ్యి ఇక వదిలెయ్యొచ్చు," అంది.

టీచరు వదిలేసింది. గుండీల డబ్బా ఖాళీగా ఉన్న సంగతి చూసుకోకుండా దాన్ని జాగ్రత్తగా పట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్న తల్లి ఒక్కతే బస్సెక్కి వెళ్లింది. వెంట రావొద్దంది. అతను వెంట వెళ్లలేదు. తర్వాతి బస్సులో వెళ్లాడు. బస్టాండులో బస్సుల వేళలు రాసిన పెద్ద బోర్డు వెనక నిలబడి కౌంటరు వైపు తొంగి చూడబోతే, అక్కడ అప్పటికే ఒకరు తొంగి చూస్తున్నారు.

"మీరేంటిక్కడ?" అన్నాడు.

"నా పని ఎలా ఉందో చూసుకుందామని," అంది టీచరు.

"స్కార్ఫు కుట్టింది నేనండి."

"కాజాలు నావి."

"గుండీలు నావి."

ఈ పంపకం ఎటు పోతోందో ఇద్దరికీ ఒకేసారి అర్థమై, ఇద్దరూ బోర్డు వైపు తిరిగి, వాళ్లకి అక్కర్లేని ఊళ్ల బస్సు వేళలు చదివారు.

"నిన్న మీ మీద అరిచాను. తప్పు," అన్నాడు అతను.

"అరిచారు. నేనూ ఊరికే లేను." టీచరు బోర్డు మీద ఒక వరసని వేలితో దిద్దింది. "ఒక్కసారి నవ్వితే చాలు అన్నారు కదా ఆ వాన రోజు. ఎవరో అమ్మాయనుకున్నాను."

"అమ్మాయెవరూ లేరండి."

"నిన్న తెలిసింది."

"ఉంటే బాగుండునని ఈ మధ్య అనిపిస్తోంది. ముఖ్యంగా ఆదివారాలు."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు ఆదివారం ఎప్పుడొస్తుందా అనిపిస్తోంది."

టీచరు బోర్డు మీంచి చూపు తిప్పి అతని వైపు చూసింది. వెంటనే తిప్పుకోలేదు. "క్లాసు నిన్నటితో అయిపోయిందిగా," అంది.

"అదేనండి నా బాధ. పై క్లాసు ఉంటుందేమోనని..."

"బోర్డు దగ్గర నిలబడ్డవాళ్లు," అని కౌంటరులోంచి గొంతు వినపడింది. మెడకి గళ్ల స్కార్ఫు, గుండీలు రెండూ పెట్టి ఉన్నాయి. "టికెట్ కావాలంటే లైన్లోకి రండి. లేకపోతే జనానికి అడ్డం తప్పుకోండి."

ఇద్దరూ వెళ్లి లైన్లో నిలబడ్డారు. ముందు ఏడుగురున్నారు. తల్లి ఎడమ చేత్తో మీటలు నొక్కుతోంది, మెల్లగా, ఒక్కొక్కటే. లైను కూడా అలాగే కదిలింది. ఎవరూ విసుక్కోలేదు. ఒకాయన విసుక్కోబోయి ఆవిడ చూపు చూసి మానుకున్నాడు. వాళ్ల వంతు వచ్చింది.

"ఎక్కడికి?" అంది తల్లి, తల ఎత్తకుండా.

"ఇంకా అనుకోలేదు," అన్నాడు కొడుకు.

"ఎంతమంది?"

అతను నోరు తెరిచాడు. ఈసారి మూయాల్సిన అవసరం ఏమీ లేదు. పక్కకి చూశాడు.

"ఇద్దరం," అంది టీచరు.

తల్లి చెయ్యి మీట మీద ఒక్క క్షణం ఆగింది.

"ఊరు తర్వాత చెప్పొచ్చు. పక్కకి జరిగి నిదానంగా మాట్లాడుకోండి," అని, వెనకనున్న మనిషి వైపు చూసింది. "తర్వాత ఎవరు?"